మూడో నంబరు గదిలో కొబ్బరి నూనె

నేను ఒక గీతల పెట్టెని. నన్ను తయారుచేసినవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. అది ఇంగ్లీషులో బారెడు పొడుగుంటుంది. దాన్ని తడబడకుండా పలికినవాళ్లని ఈ అరవై ఏళ్లలో ఇద్దరినే చూశాను. చిత్రశాలలో మిగతా అందరికీ నేను గీతల పెట్టెనే. గదిలో ఎంత వేడి ఉందో ఎర్ర సిరాతో ఒక గీత, గాలిలో ఎంత తేమ ఉందో నీలం సిరాతో ఇంకో గీత, వారం పొడుగునా గీస్తూ కూర్చోవడం నా ఉద్యోగం. ఇప్పటివాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే సెన్సర్, స్క్రీన్, స్టోరేజి మూడూ ఒకే డబ్బాలో పెట్టిన మోడల్‌ని. ఛార్జింగ్ అక్కర్లేదు. సోమవారం సోమవారం కీ ఇచ్చి, డ్రమ్ముకి కొత్త కాగితం చుడితే చాలు.

ఒక రహస్యం ఉంది. నా లోపల మనిషి వెంట్రుకలున్నాయి.

భయపడకండి, చేతబడి కాదు. వాన పడే రోజు మీ జుట్టు ఎంత దువ్వినా మాట వినదు కదా, దానికో కారణం ఉంది. గాలిలో తేమ పెరిగితే వెంట్రుక కొంచెం సాగుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. మీకు తలనొప్పి తెచ్చే ఆ గుణమే నాకు బతుకుతెరువు. రెండు పట్టుకొక్కేల మధ్య ఒక చిన్న పాయ బిగించి ఉంటుంది. అది సాగితే నీలం ముల్లు పైకి లేస్తుంది, ముడుచుకుంటే కిందికి దిగుతుంది.

దీనికి ఒకటే షరతు. ఆ పాయకి జిడ్డు తగలకూడదు. జిడ్డు పట్టిన వెంట్రుకకి తేమ ఎక్కదు. ఈ ఒక్క షరతు తప్పినందుకు నలభై అడుగుల బొమ్మల పటం ఒకటి మా చేతుల్లోంచి జారిపోబోయింది. దాంతోపాటు ఒకావిడ ఉద్యోగం కూడా. ఆ సంగతి చెబుదామనే మొదలుపెట్టాను. కానీ పుట్టుక చెప్పకుండా ఆత్మకథంటే మీరు ఒప్పుకోరుగా.

పుట్టింది పుణేలో, ఒక పెంకుటింటి వర్క్‌షాపులో. నాలాంటివాటికి విదేశాల నుంచి ఓడలో జుట్టు వచ్చేదట, బంగారు రంగుది. నల్ల జుట్టు ఈ పనికి పనికిరాదని యజమాని గట్టి నమ్మకం. ఆ ఏడు ఓడ రాలేదు. ఆయన గడ్డం గోక్కుంటూ గుమ్మంలో నిలబడితే, మరలు బిగించే కమల్ అనే అమ్మాయి జడ కిందినుంచి ఒక పాయ కత్తిరించి బల్లమీద పెట్టింది. వాన మా నెత్తిమీద కూడా పడుతుంది కదా అందట. ఆ పాయని మందులో మూడుసార్లు కడిగి నాలో బిగించి, బంగారు జుట్టు పెట్టె పక్కన నన్ను పెట్టి చూశారు. ఇద్దరం ఒకే గీత గీశాం. యజమాని మరో రెండుసార్లు పరీక్ష పెట్టాడు. మనుషులకి ఇష్టంలేని నిజం వస్తే పరీక్ష మళ్లీ పెడతారని నాకు పుట్టిన వారంలోనే తెలిసింది.

అక్కణ్ణుంచి రైల్లో, పొట్టు నింపిన చెక్కపెట్టెలో, హైదరాబాదు వచ్చాను. అరవై నాలుగో సంవత్సరం. జాతీయ చిత్రశాల అప్పటికి రెండేళ్ల పసిది. అంతకుముందు ఆ మేడ ఒక నవాబుగారిది. ఆయనకి బొమ్మల పిచ్చి. ఆయన బతికుండగానే కొడుకులు ఏ బొమ్మ ఎవరికని కొట్టుకోవడం మొదలుపెడితే, అందరికీ ఇచ్చేస్తే గొడవే ఉండదని మేడతో సహా సర్కారుకి రాసిచ్చేశాడు. కొడుకులు తర్వాత టిక్కెట్టు కొనుక్కుని చూడ్డానికి వచ్చేవాళ్లు. వచ్చినప్పుడు కూడా కొట్టుకునేవాళ్లు.

మొదటి గదిలో కంచు విగ్రహాలు, రెండో గదిలో అరచేతంత దక్కనీ చిత్రాలు, మూడో గదిలో బట్టమీద వేసిన బొమ్మలు, నాలుగోది పెద్ద హాలు, అందులో నిలువెత్తు నూనె చిత్రాలు. నవాబుగారు యూరప్ వెళ్లి ముచ్చటపడి తెచ్చుకున్న ఆ నూనె చిత్రాల్లో సగం నకళ్లని తర్వాత తేలింది. తీసేయలేదు. జనం వాటి ముందే ఎక్కువసేపు నిలబడేవాళ్లు మరి. తమ ఊళ్లలో బియ్యం డబ్బామీద ఉండే అమ్మవారిలాంటి రంగుల కోసం చూసేవాళ్లకి రెండో గది చిత్రాలు ఆనేవి కావు.

నన్ను మూడో గదిలో ఒక ఎత్తుపీట మీద పెట్టారు. పెట్టినాయన మొదటి క్యూరేటర్ హబీబుద్దీన్ సాబ్. సన్నగా, షేర్వాణీలో దూర్చిన కర్రలా ఉండేవాడు. నా పేరు తడబడకుండా పలికిన ఇద్దరిలో ఒకాయన. సోమవారం పది గంటలకి పాత కాగితం తీసి, గీత ఎక్కడ లేచిందో చూసి, దాని కింద పెన్సిలుతో కారణం రాసేవాడు. ‘వాన.’ ‘స్కూలు పిల్లలు అరవైమంది.’ ‘గచ్చు కడిగారు.’ ఒకసారి ఒక మంత్రిగారు పరివారంతో వచ్చి గంటన్నర ప్రసంగించారు. ఆ మధ్యాహ్నం నా గీత అరవైమంది పిల్లలు లేపినదానికన్నా పైకి లేచింది. సాబ్ దాని కింద ‘ఉపన్యాసం’ అని రాసి, కాగితాన్ని జాగ్రత్తగా రేకుపెట్టెలో దాచాడు. గీత యంత్రం గీస్తుంది, కారణం మనిషి రాయాలి, రెండూ కలిస్తేనే రికార్డు అనేవాడు.

ఇక ఆ పటం. అరవై ఆరులో వచ్చింది. మూడడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు, ఎర్రటి నేపథ్యంమీద వరసగా బొమ్మలు. సాలెవాళ్ల కులకథ. తామరతూడు నారతో దేవతలకి బట్టలు నేసిన మునీ, ఆయన పులినెక్కిన వైనమూ. ఒక పాటగాళ్ల కుటుంబం దాన్ని ఎద్దుబండిలో ఊరూరా తిప్పి, మగ్గాల వాడల్లో వేలాడదీసి, ఒక్కో బొమ్మా కర్రతో చూపిస్తూ రాత్రుళ్లు కథ పాడేది. అలాంటి పటం పాతబడితే చించరు, అమ్మరు. మనిషికి చేసినట్టే పూజచేసి ఏట్లో కలిపేస్తారు. హబీబుద్దీన్ సాబ్ సరిగ్గా కలిపే రోజున అక్కడికి చేరాడు. మోకాళ్లలోతు నీళ్లలో షేర్వాణీతో నిలబడి పటం అడిగాడట. నీళ్లలో కలవాల్సినదాన్ని గోడకి తగిలిస్తే పాపం కాదా అని ఆ పాటగాళ్ల పెద్దాయన అడిగాడు. “తడి తగలనియ్యను. మాట ఇస్తున్న” అన్నాడు సాబ్.

ఆ మాట నిలబెట్టడానికే నేను మూడో గదిలో ఉన్నాను. చిత్రశాలలో ఉన్న పొడుగాటి అద్దాలపెట్టె ఆరడుగులే కాబట్టి ఆరడుగుల కథే కనిపించేది. మిగతా ముప్ఫై నాలుగు అడుగులూ రెండు చివర్లా కర్రలకి చుట్టి ఉండేవి.

ఎనభై తొమ్మిదిలో బాలమణి వచ్చింది. మూడో గది అటెండరు. ఇరవై ఎనిమిదేళ్లు, నల్లగొండ వైపు మగ్గాల ఊరు, చదువు ఐదో తరగతి, నడుము కింది దాకా జడ. మొదటిరోజే అద్దాలపెట్టె ముందు ఆగిపోయి, “సార్, గీయన పులినెక్కిండంటే ముందుగాల రాక్షసుని జంపినట్టే. ఆ బొమ్మ లోపల సుట్టలున్నదా?” అంది.

సాబ్ ముఖం చూడాలి మీరు. ఇరవై మూడేళ్లుగా ఆయన్ని ఎవరూ అడగని ప్రశ్న అది.

“నీకెట్ల తెలుసు బేటీ?”

“మా వాడకు వచ్చేటోళ్లు గద సార్. మా నాయనమ్మ ఒళ్లె పండుకొని చూసేదాన్ని. సగం కథకే నిద్రపోయేదాన్ని, గందుకే ఆఖరు ఏమైందో ఇప్పటిదాంక తెల్వది.”

ఏడాది తిరక్కుండా సాబ్ రిటైరయ్యాడు. వెళ్తూ నా కీ ఆవిడ చేతిలో పెట్టాడు. కాగితం ఎలా చుట్టాలి, సిరా ఎన్ని చుక్కలు వెయ్యాలి, గీత కింద కారణం ఎలా రాయాలి, అన్నీ నేర్పాడు. నూనె సంగతి మాత్రం చెప్పలేదు. జన్మలో ఎవరి తలా అంటని మగాడికి ఆ జాగ్రత్త చెప్పాలని ఎలా తడుతుంది?

ఎనిమిదేళ్లు బాలమణీ నేనూ హాయిగా ఉన్నాం. ఆవిడ పెన్సిలు రాతలు సాబ్ రాతలకన్నా నాకు ఇష్టం. ‘వాన.’ ‘వాన, గొడుగులు లోపలికి తెచ్చిన్రు.’ ‘కొత్త పెండ్లి జంట, బొమ్మలు చూస్తలేరు.’ తొంభై ఎనిమిది దసరాకి ఆయుధపూజ చేసింది. నన్ను తుడిచి, ఇత్తడికి పసుపు కుంకుమా పెట్టి, బంతిపువ్వు గుచ్చింది. అద్దం తలుపు తెరిచి ఉండగా కమల్ జుట్టు ఆవిడ కంటపడింది. ముప్ఫై నాలుగేళ్ల జుట్టు, ఎర్రబారి, పీచులా ఉంది.

“అయ్యో తల్లీ, ఎవ్వరు నూనె పెట్టలేదానె నీకు?” అంది.

దీపానికని తెచ్చిన కొబ్బరి నూనె సీసాలో వేలు ముంచి, పై నుంచి కిందికి, ఓపిగ్గా రాసింది. ఎందుకు దాచాలి, ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. ఒక యంత్రానికి తలంటడం అనే ఆలోచన ఈ దేశంలో తప్ప ఎక్కడా పుట్టదు. పుట్టినందుకు సంతోషించాను కూడా. ఆ సుఖమే కొంప ముంచింది.

మర్నాటి నుంచి నా నీలం గీత కదలడం మానేసింది. యాభై నాలుగు శాతం దగ్గర బద్ధకంగా పడుకుంది. వాన పడినా యాభై నాలుగే, ఎండ కాసినా యాభై నాలుగే. ఎర్ర గీతకి వెంట్రుకతో పనిలేదు కాబట్టి అది మామూలుగానే పగలు లేచి రాత్రి దిగేది. అందుకే నేను పాడయ్యానని ఎవరికీ అనుమానం రాలేదు. సెన్సర్ చచ్చిపోతే అందరికీ తెలుస్తుంది. చచ్చిపోయి కూడా నవ్వుతూ ఒకే అంకె చెబుతుంటే ప్రమోషన్ ఇస్తారు.

ఇచ్చారు కూడా. అప్పటి డైరెక్టరు సత్యవరప్రసాద్ గారు. కాకినాడ వైపు మనిషి, చెడ్డవాడు కాదు, ముక్కుపొడుం అలవాటు. ఆయనకి ఒకటే కోరిక, పెద్ద హాల్లోంచి ఆ నకళ్లు తీయించి, రిటైరయ్యేలోపు ఒక్కసారైనా అసలైన విదేశీ చిత్రాలు తగిలించాలని. ఒక విదేశీ మ్యూజియంతో రెండేళ్లుగా ఉత్తరాలు నడిపాడు. ముందు మీ గదుల వాతావరణం ఎలా ఉంటుందో కాగితాలు పంపండి అన్నారు వాళ్లు. ఆయన ఆరునెలల నా గీతలు పంపాడు. మీ గదులు మా గదులకన్నా నిలకడగా ఉన్నాయని జవాబొచ్చింది. పన్నెండు చిత్రాలు అరువిస్తాం, సెప్టెంబరులో ఇద్దరు నిపుణుల్ని పంపుతాం అన్నారు. డైరెక్టరు గారు ఆ ఉత్తరం ఫ్రేము కట్టించాడు. పెద్ద హాలు ఖాళీ చేయించి గోడలకి సున్నం వేయించాడు. దారిన పోతూ నా నెత్తిమీద ప్రేమగా తట్టేవాడు. అబద్ధానికి ఇంత మర్యాద ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. మూడో గది గోడ వెనకాల ఏసీ నీళ్లు పోయే గొట్టంలో పావురాలు గూడు పెట్టాయి. నీళ్లు బయటికి పోవడం మానేసి గోడలోకి దిగాయి. గోడకి ఆనుకుని అద్దాలపెట్టె, అందులో పటం. ఆ పటం దేంతో చేశారనుకున్నారు? ఖద్దరు బట్టకి గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి పూసి, దానిమీద బొమ్మలు వేశారు. బూజు కళ్లతో చూస్తే అది పటం కాదు, పెళ్లిభోజనం.

నాకు తెలియలేదు. నా వెంట్రుకలు నూనెలో మునిగి ఉన్నాయి. తెలిసింది బాలమణి ముక్కుకి.

“సార్, మూడో గదిల వాసనొస్తున్నది. నానవెట్టిన చింతగింజలు పులిసినట్టు” అని డైరెక్టరు గారితో చెప్పింది.

ఆయన గదిలోకి వచ్చి, ఒక పట్టు పొడుం ఎక్కించి, గట్టిగా పీల్చాడు. “నాకేం రావట్లేదే. గీత చూడమ్మా, తాడు కట్టి గీసినట్టుంది. ఈ పెట్టెకంటే నీ ముక్కు గొప్పదా ఏవిటి?”

వారం తర్వాత మళ్లీ చెప్పింది. “పెట్టె తెరిపియ్యుండ్రి సార్, ఒక్కసారి.”

“తెరిస్తే బయటిగాలి పోతుంది లోపలికి. నిపుణులొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవద్దు. ముక్కు మూసుకుని డ్యూటీ చెయ్యి.”

మూడోసారి ఆయన వినను కూడా వినలేదు. ఆవిడ ఇక ఎవరికీ చెప్పలేదు. సాబ్ నేర్పిన అలవాటు మాత్రం మానలేదు. సోమవారం కాగితం తీసి, గీత కదలకపోయినా, దాని కింద పెన్సిలుతో ఒకటే మాట రాసి రేకుపెట్టెలో వేసేది.

ఆగస్టు చివర తబస్సుమ్ వచ్చింది. చిత్రాలు బాగుచేసే విభాగానికి కొత్త కెమిస్టు, ఇరవై ఆరేళ్లు, జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. నా పేరు తడబడకుండా పలికిన రెండో మనిషి. నిపుణులు వచ్చేలోపు గదులన్నీ ఒకసారి చూడమని డైరెక్టరు గారు పంపితే, నా ముందుకొచ్చి రెండు చేతులూ నడుముమీద పెట్టుకుంది.

“అక్కా, నిన్న రాత్రంతా వాన పడ్డది కదా?”

“దంచికొట్టింది మేడం. మా ఇంట్ల బొంతలు సుత మెత్తవడ్డయి.”

“మరి ఇదేంది, పోయినోళ్ల ఈసీజీ లాగ ఉన్నది?” అని అద్దం తలుపు తెరిచి, వంగి, వాసన చూసింది. ఇంకోసారి చూసింది. కమల్ జుట్టుని వేలితో తాకి, రెండు వేళ్లూ రాసుకుని, మెల్లగా వెనక్కి తిరిగింది. “అక్కా, దీనికెవరన్నా కొబ్బరి నూనె పెట్టిన్రా?”

బాలమణి నవ్వింది. “నేనే పెట్టిన మేడం, దసరాకు. ఎండిపోయి ఉండె పాపం.”

తబస్సుమ్ నవ్వలేదు. జిడ్డు పడితే ఏమవుతుందో రెండు మాటల్లో చెప్పింది. బాలమణి ముఖంలో నవ్వు అక్కడే ఉండిపోయింది, తీసేయడం మర్చిపోయినట్టు. తర్వాత ఆవిడ నావైపు చూడలేదు. అద్దాలపెట్టె వైపు చూసింది. “అంటే నా ముక్కు అబద్ధం చెప్పలేదు. నా చెయ్యి ఈ పెట్టెతోని చెప్పిచ్చింది” అంది.

డైరెక్టరు గారి గదికి నన్ను కూడా మోసుకెళ్లారు, సాక్షిగా. విషయం వినగానే ఆయన ముందు ఫ్రేము కట్టిన ఉత్తరం వైపు చూశాడు, ఆ తర్వాతే బాలమణి వైపు.

“ఆడదానివి, యంత్రానికి జడేస్తావా? ఎవరు చెప్పారు నీకు? పదినెలల రికార్డు నాశనం! సస్పెన్షను ఆర్డరు ఇవాళే టైపు చేయిస్తాను. నిపుణులతో మాత్రం ఎవరూ ఏమీ అనకండి. కొత్త యంత్రం ఒకటి తెప్పించి పెడదాం.”

“నన్ను తీసెయ్యుండ్రి సార్. ముందుగాల ఆ పెట్టె తెరువుండ్రి” అంది బాలమణి. “సాబ్ నీళ్లల్ల నిలవడి మాటిచ్చి తెచ్చిండు దాన్ని. తడి తగలనియ్యనన్నడు. నా చేతులతోని తగిలిచ్చిన. ఒక్కసారి తెరిసి చూసినంక నన్నేమన్న చేయుండ్రి.”

తబస్సుమ్ బయటికెళ్లి రేకుపెట్టెతో వచ్చింది. అందులోంచి జూన్ మధ్య నుంచి వేసిన కాగితాలు ఒక్కొక్కటీ తీసి బల్లమీద పరిచింది. పదకొండు కాగితాలు. అన్నింటి మీదా తాడు కట్టి గీసినట్టు నీలం గీత. అన్నింటి కిందా పెన్సిలుతో గుండ్రటి అక్షరాల్లో ఒకటే మాట.

‘వాసన.’ ‘వాసన.’ ‘వాసన.’ ‘వాసన, సార్‌కు చెప్పిన.’ ‘వాసన.’

“రికార్డు నాశనం కాలేదు సార్” అంది తబస్సుమ్. “సగం తప్పయింది. మిగిలిన సగం ఇది. మనం చదవలేదు.”

డైరెక్టరు గారు పొడుం డబ్బీ తీశాడు, మూత తెరవబోయి ఆగాడు. దాన్ని సొరుగులో పెట్టి సొరుగు మూసి, ముఖం కడుక్కుని వచ్చాడు. ముక్కు కూడా శుభ్రంగా కడుక్కున్నాడని నా అనుమానం. మూడో గదికి నడిచాడు. నేను ఆయన బల్లమీదే ఉండిపోయాను కాబట్టి అక్కడ ఏం జరిగిందో తర్వాత విన్నదే. అద్దాలపెట్టె గోడవైపు నాలుగు మరలు విప్పగానే ఆయన చేతిరుమాలు వెతుక్కున్నాడట. చుట్టలో గోడవైపున్న కొస బూడిదరంగు నూగుతో కప్పేసి ఉందట. భూతద్దంతో పావుగంట చూసి తబస్సుమ్ చెప్పిందట: “పైపైనే ఉన్నది. రంగుల్లోకి పోలేదు. ఇంకొక నెల ఆగి ఉంటే మనం చుట్టనే ఏట్లో కలపాల్సొచ్చేది.”

తిరిగొచ్చాక డైరెక్టరు గారు పొడుం సొరుగు తెరవలేదు. టైపిస్టుని పిలిచాడు. నేను సస్పెన్షను ఆర్డరే అనుకున్నాను. కాదు, ఆ ఆర్డరు ఎన్నడూ టైపు కాలేదు. ఇది విదేశీ మ్యూజియానికి ఉత్తరం. మేం పంపిన గీతలు తప్పు, కారణం కొబ్బరి నూనె, దయచేసి మా గదుల్ని అలా నమ్మకండి. ‘కొబ్బరి నూనె’ దగ్గర టైపిస్టు రెండుసార్లు మళ్లీ చెప్పమని అడిగాడు. ఫ్రేము కట్టిన ఉత్తరాన్ని ఆయనే మేకునుంచి తీశాడు. ఆయన చేసిన పనుల్లో నాకు నచ్చింది అదొక్కటే, కానీ అది చాలా పెద్దది. పన్నెండు చిత్రాలూ రాలేదు. జవాబు మర్యాదగా వచ్చింది, ఇప్పటికి వాయిదా అని. ఆ ఇప్పటికి ఇంకా గడుస్తూనే ఉంది.

పటాన్ని బాగుచేయాలంటే పూర్తిగా విప్పాలి. నలభై అడుగుల బల్ల ఎక్కడుంది? సున్నం వేసి ఖాళీగా ఉన్న పెద్ద హాలు ఉంది. విదేశీ చిత్రాల కోసం సిద్ధంచేసిన ఆ హాల్లో పద్నాలుగు బల్లలు వరసగా చేర్చి, ముప్ఫై మూడేళ్ల తర్వాత మొదటిసారి పటాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా పరిచారు. నన్నూ అక్కడికే మార్చారు. ఏడు వారాలు మెత్తని బ్రష్షులతో, సన్నని నెట్టు కట్టిన వాక్యూమ్ గొట్టంతో, వేలెడు వేలెడు శుభ్రం చేశారు. బ్రష్షు పట్టడానికి బాలమణికి చేయి తిరిగిందని తబస్సుమ్ రెండోరోజే గుర్తించింది. నేతవాడ చేతులు కదా, పోగు తెగకుండా ఎలా ముట్టుకోవాలో నేర్పక్కర్లేదు. చివరి బొమ్మ దగ్గరికి వచ్చిన రోజు ఆవిడ బ్రష్షు పక్కన పెట్టేసింది.

“ఇగో మేడం, ఆఖరు ఇదా!” అంది. “పెండ్లి! నేను నిద్రపోయినంక పెండ్లయింది ఆయనకు.”

ఆ పెళ్లికూతురి నీలం చీర అంచు ఒకచోట అరంగుళం రాలిపోయింది. అది మాత్రం తిరిగి రాలేదు. అక్కడ రంగు వెయ్యనియ్యలేదు తబస్సుమ్. ఉన్నది ఉన్నట్టే ఉండాలంది.

తర్వాత పటాన్ని మళ్లీ చుట్టలేదు. పెద్ద హాలు గోడకే, వాలుగా, మొత్తం నలభై అడుగులూ అద్దం కింద పెట్టారు. రోజుకి రెండుసార్లు బాలమణి కర్ర పట్టుకుని కథ చెప్పేది. ఇదివరకు నకళ్ల ముందు నిలబడే జనమంతా ఇటు వచ్చారు. పులి రాగానే పిల్లలు ముందుకి తోసుకునేవాళ్లు, నా గీత నాలుగు శాతం లేచేది.

ఆగండి, నా గీత ఎలా లేచింది? అది చెప్పనేలేదు. కమల్ జుట్టుని తబస్సుమ్ ఎన్నిసార్లు కడిగినా అది ఇక సరిగ్గా పలకలేదు. ముప్ఫై ఐదేళ్లు సాగీ ముడుచుకునీ అలిసిపోయింది, పదినెలలు నూనెలో నిద్రపోయింది. రిటైర్మెంటు ఇవ్వాల్సిందే. కొత్త పాయకి ఎక్కడికి రాయాలని డైరెక్టరు గారు ఆలోచిస్తుంటే, బాలమణి జడ ముందుకి లాక్కుని, “కత్తెర ఉన్నదా మేడం?” అంది.

“నీ జుట్టా అక్కా? పుట్టినప్పటి నుంచి దినాం నూనె పెడుతున్నవు. ఎన్నిసార్లు కడగాలె నేను?”

“కడుగు. నేనేమన్న వద్దంటున్ననా?”

మందులో తొమ్మిదిసార్లు కడగాల్సొచ్చింది. పదోసారి కూడా కడుగుదామా అని తబస్సుమ్ విసుక్కుంటుంటే, నాలో బిగించి చూశారు. బయట ముసురు పట్టి ఉంది. నీలం ముల్లు మెల్లగా లేచింది, అరవై దాటింది, అరవై ఎనిమిది దగ్గర ఆగింది. పది నెలల తర్వాత మొదటి నిజం. డైరెక్టరు గారు గట్టిగా నిట్టూర్చాడు. మూడో గది గోడ తవ్వి గొట్టం మార్చమని అప్పటికప్పుడే ఆర్డరు వేశాడు.

అది జరిగి చాలా ఏళ్లయింది. ఇప్పుడు గదికి రెండు చొప్పున తెల్లటి డబ్బాలు గోడలకి అంటించారు, అగ్గిపెట్టెంత ఉంటాయి. నిమిషానికోసారి తేమ లెక్క వైఫైలో పంపుతాయి. మంచి పిల్లలే. బ్యాటరీ అయిపోతే కుయ్యోమంటాయి, నెట్ పోతే మూర్ఛపోతాయి, అప్పుడప్పుడూ అప్‌డేట్ అని చెప్పి నిద్రపోతాయి. గీత అవే గీస్తాయి, కారణం రాసే మనిషి లేడు. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. నన్ను పెద్ద హాల్లోనే, పటం మొదలయ్యే చోట, గాలి ఆడేలా చిల్లులున్న ఒక చిన్న అద్దాలపెట్టెలో పెట్టారు. పక్కన పలక మీద నా బారెడు పేరూ, పుట్టిన సంవత్సరమూ. నూనె సంగతి రాయలేదు. డ్యూటీ అయిపోయినా తబస్సుమ్ పట్టుబట్టి, సోమవారం కీ ఇవ్వడం మాత్రం ఆపనివ్వలేదు. ఆవిడే ఇప్పుడు డైరెక్టరు. నేను చూడడానికి వచ్చినవాళ్లని చూస్తూ, వాళ్ల ఊపిరి గీస్తూ, తృప్తిగానే ఉన్నాను.

మొన్న శ్రావణంలో ఒక మధ్యాహ్నం బాలమణి వచ్చింది. రిటైరై నాలుగేళ్లయింది. బయట వాన. గొడుగు గుమ్మం బయటే పెట్టి, పటం చివర పెళ్లిబొమ్మ దాకా నడిచి, తిరిగొచ్చి నా ముందు ఆగింది. కొత్త గార్డు ఎవరో తెలియక, అద్దం ముట్టుకోవద్దమ్మా అన్నాడు.

“ముట్టుకుంటలే బిడ్డా. నూనె గూడ తేలేదు, భయపడకు” అంది.

గార్డుకి ఏమీ అర్థం కాలేదు. ఆవిడ వంగి లోపలికి చూసింది. ఆవిడ తలలో ఒక్క నల్ల వెంట్రుక మిగల్లేదు. నాలో బిగించిన పాయ మాత్రం కొంచెం ఎర్రబారినా ఇంకా నల్లగానే ఉంది. చెయ్యి తల మీదికి పోనిచ్చి, చిన్నగా నవ్వుకుంది. తడిసిన చీర కుచ్చిళ్ల నుంచి గచ్చుమీదికి నాలుగు చుక్కలు జారాయి.

లోపల ఆవిడ జుట్టు కొంచెం సాగింది. నేను నీలం గీతని పైకి లేపాను.

గార్డు అటు తిరగ్గానే బాలమణి పలక పక్కన పెట్టిన సందర్శకుల పుస్తకం తెరిచి, కొంగుముడిలోంచి పెన్సిలు ముక్క తీసి, తారీఖు వేసి, గుండ్రటి అక్షరాల్లో ఒక మాట రాసింది.

‘వాన.’